చీల తలమీది అక్షరాలు

తెలుగులో 'చీల' అన్నది చాలా పాత మాట. చీల, సీల, శీల అని మూడు విధాలా పలుకుతారు. సంస్కృతంలోని 'కీల' శబ్దానికి దగ్గర చుట్టం. గుంజకు కొట్టేదీ చీలే, తలుపుకు వేసేదీ చీలే, బండి ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా దిగవేసేదీ చీలే. కాలికీ పాదానికీ నడుమ శరీరం బరువంతా మోస్తూ అన్ని వైపులకూ తిరిగే కీలును 'చీలమండ' అన్న మన పూర్వులకు యంత్రశాస్త్రం తెలియదని ఎవరు అనగలరు?

సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడికి బోల్టుల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. నా దగ్గర చదువుకొని తరువాత ఇంజనీరింగులో చేరిన ఒక విద్యార్థి, తన జట్టు తయారుచేస్తున్న పందెపు బండి సంగతి చెబుతూ, "పంతులుగారూ, బోల్టు తలమీద 8.8 అని ఉంటుంది, 10.9 అని ఉంటుంది, దీనికి తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. పేరు పెట్టడానికి ముందు వస్తువు తెలియాలి గదా. ఆ అంకెల వెంట వెళ్ళగా, అవి మన ఉత్తర తెలంగాణ కొలిముల దాకా తీసుకుపోయాయి. ఈ టపా ఆ ప్రయాణమే.

మాది చిల్పూరు. బుగులు వేంకటేశ్వరస్వామి వెలసిన గుట్ట కింది ఊరు. కుబేరుని అప్పు తీర్చే దారి తోచక, ఆ బుగులుతోనే స్వామి ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. బుగులు అంటే మా ప్రాంతంలో దిగులుతో కూడిన భయం. బస్సులు విరివిగా లేని రోజుల్లో ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మేడారం జాతరకు ఎడ్లబండ్లమీదనే పోయేవారు. అడవి దారి, వాగులు, రాళ్ళు. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో రెండు చక్రాలనూ ఇరుసుకు అంటిపెట్టి ఉంచేవి జానెడైనా లేని రెండు చీలలు. వాటినే కడశీలలు అంటారు. అమరకోశం దీన్ని ఇరుసు కొనన ఉండే మేకు అని వివరించి, 'అణి' అని పేరు చెప్పింది.

ఈ చీల విరిగితే ఏమవుతుందో మన పురాణగాథలకు బాగా తెలుసు. యుద్ధంలో దశరథుని రథపు చీల ఊడిపోతే కైక తన వ్రేలినే చీలగా నిలిపి రథాన్ని కాపాడిందని, దానికి మెచ్చి రాజు వరాలిచ్చాడని జనశ్రుతి. వాల్మీకంలో వ్రేలి ప్రసక్తి లేదు. మూర్ఛపోయిన భర్తను కైక రణభూమినుంచి తప్పించి కాపాడిందని మాత్రమే ఉంది. అయినా జనం కల్పించుకున్న కథలో ఒక లోచూపు ఉంది. రాముని అరణ్యవాసానికి కారణమైన వరాలకు మూలం ఎక్కడ ఉందని వెదికి, వాళ్ళు తీసుకుపోయి ఒక చీల దగ్గర నిలిపారు.

ఆ కడశీలను కమ్మరి దేనితో చేసేవాడు? ఇనుముతో అంటే చాలదు. మన భాషలో ఇనుము వేరు, ఉక్కు వేరు. ఈ భేదం సరదాకు పుట్టింది కాదు.

ఉక్కు అనగానే తెలంగాణవారికి కోనసముద్రం గుర్తుకు రావాలి. నిజామాబాదు జిల్లాలోని ఆ గ్రామంలో మూసల్లో ఉక్కు వండేవారు. మూసను మట్టిలో వరిపొట్టు కలిపి చేసేవారు. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుములను పాళ్ళుగా కలిపి, మూస మూతిని మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాచి మెల్లగా చల్లార్చేవారు. త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సీ ఈ పద్ధతిని కళ్ళారా చూసి వ్రాశాడు. ఆయన 1824లో మరణించగా ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఆయన వెళ్ళినప్పుడు ఇస్ఫహాను నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటున్నాడట! అంతకు ముందే, 17వ శతాబ్దంలో, ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే పారశీకులు ఖడ్గాలకు వాడే ఉక్కు గోలకొండ రాజ్యంనుంచి వస్తుందని వ్రాసిపెట్టాడు. 'ఊట్జ్' అని ఐరోపా వాడుకున్న పేరు మన 'ఉక్కు' శబ్దానికి వచ్చిన వికారమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఆ ఉక్కులో కర్బనం సుమారు నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళ మధ్య ఉంటుంది. కత్తికి అంచు నిలవాలంటే అంత కావాలి. కాని అదే ఉక్కును మామూలుగా సాగగొట్టి కడశీల చేసి బండికి దిగవేస్తే, మొదటి వాగు దాటేలోపే పుటుక్కుమనే ప్రమాదం ఉంది. కర్బనం పెరిగినకొద్దీ కాఠిన్యం పెరుగుతుంది, దానితోపాటే పెళుసుదనమూ పెరుగుతుంది. బండి పనికి మన కమ్మరి వాడింది ఊరి కొలిమిలో తీసిన మెత్తని ఇనుము. చక్రం రాయిమీద ఎగిరిపడితే ఆ చీల వంగుతుంది. మరునాడు దాగలిమీద పెట్టి సమ్మెటతో రెండు దెబ్బలు వేస్తే తిన్ననౌతుంది. వంగిన చీల ముందే హెచ్చరిస్తుంది. విరిగే చీల చెప్పి విరగదు. ప్రపంచంలోకెల్లా కఠినమైన ఉక్కును వండిన ఈ నేలమీదే, బండిచీలకు మాత్రం ఆ ఉక్కు పనికిరాదన్న వివేకమూ ఉంది. నా విద్యార్థి అడిగిన అంకెల రహస్యం సగం ఇందులోనే ఉందని తరువాత తెలిసింది.

తక్కిన సగం రైలెక్కి వచ్చింది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. అక్కడినుంచి తూర్పుగా జనగామ, ఘనపురం, కాజీపేటల మీదుగా సాగిన దారి 1889లో బెజవాడ చేరింది. మా ప్రాంతానికి మరచీల, అంటే మర త్రిప్పి బిగించే బోల్టు, వేలకొద్దీ వచ్చింది ఆ రైలుతోనే. పట్టాకూ పట్టాకూ నడుమ అతుకుపలకలు, వాటిని బిగించే బోల్టులు. ఎక్కడో ఇంగ్లాండులో చేసిన బోల్టుకు మరెక్కడో చేసిన నట్టు సరిగ్గా ఎక్కుతుంది! మనకు ఇప్పుడు ఇందులో వింత కనబడదు. కాని 1841కి ముందు ఇంగ్లాండులోనే ఒక కార్ఖానా బోల్టుకు మరో కార్ఖానా నట్టు ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ ఆ యేడు మరల కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, ఇంత లావుకు అంగుళానికి ఇన్ని చుట్లు ఉండాలనీ ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరో పద్ధతి చెప్పాడు. ఇద్దరివీ ఒకదానికొకటి ఎక్కవు. ఆ తగవు తీరడానికి రెండో ప్రపంచయుద్ధం దాటాలి. 1948లో గాని బ్రిటన్, అమెరికా, కెనడాలు ఒక మాటమీదికి రాలేదు.

మా జిల్లా మెకానికుల బాధ ఇక్కడినుంచే. 1932లో నిజాము రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అవి ఆల్బియన్ కంపెనీవి, అంటే బ్రిటిషు కొలత. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపులు వచ్చాయి, అది అమెరికా కొలత. 1983 చివర మారుతి 800 వచ్చింది, అది మిల్లీమీటర్ల కొలత. ఒక్కో బండికి ఒక్కో పానాల జత. ఇప్పటికీ పాత మేస్త్రీలు 'నాలుగు సూతుల బోల్టు' అంటారు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అరంగుళం అనకుండా నాలుగు సూతులనడంలో ఎంత సొగసుందో!

ఇక అసలు విషయానికి వద్దాం. విట్‌వర్త్ సరిచేసింది ఆకారాన్ని మాత్రమే, బలాన్ని కాదు. ఏ బోల్టైనా ఏ నట్టుకైనా ఎక్కే రోజు వచ్చిందంటే, మెత్తని బోల్టు కూడా గట్టి బోల్టు ఉండవలసిన చోట చక్కగా ఎక్కుతుందన్నమాట. పూర్వం చీలనూ, అది దిగే రంధ్రాన్నీ చేసింది ఒక్క కమ్మరి. అతడు ఎవరో ఊరందరికీ తెలుసు. చీల మంచిదా కాదా అన్నదానికి అతని ముఖమే సాక్ష్యం. ఆకారం ఏకమయ్యాక ఆ ముఖం కనబడకుండా పోయింది. రెండు బోల్టులు పక్కపక్కన పెడితే కంటికి ఒకటే, చేతికి ఒకటే, నట్టుకూ ఒకటే. కూలిందాకా తేడా తెలియదు. అందుకే బోల్టు తన బలాన్ని తానే చెప్పుకోవలసి వచ్చింది. ఆ తలమీది అక్షరాలకు మూలకారణం ఇదేనని నా ఊహ.

అమెరికావారు తలమీద గీతలు పెట్టారు. మూడు గీతలుంటే ఐదో శ్రేణి, ఆరు గీతలుంటే ఎనిమిదో శ్రేణి. మన దేశంతో సహా మెట్రిక్ కొలత పాటించేవారు చుక్కతో విడదీసిన రెండు అంకెలు పెట్టారు. ఈ రెండో పద్ధతి వ్యాకరణం చదువుకున్నవాడికి భలే నచ్చుతుంది, ఎందుకంటే ఇది సూత్రం. 8.8లో మొదటి అంకెను వందతో హెచ్చిస్తే, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లు లాగితే బోల్టు తెగుతుందో వస్తుంది. 800 అన్నమాట. చుక్క తరువాతి అంకె, ఆ బలంలో పదింట ఎన్నో వంతు దగ్గర బోల్టు తిరిగి కుదురుకోకుండా సాగిపోతుందో చెబుతుంది. 800లో పదింట ఎనిమిది పాళ్ళు, అంటే 640. 10.9 అయితే వెయ్యి, తొమ్మిదివందలు. ఇంత అర్థాన్ని మూడు గుర్తుల్లో ఇమిడ్చినవాడికి పాణిని శిష్యరికం ఉండి ఉంటుందని సరదాగా అనుకుంటాను.

పది మిల్లీమీటర్ల బోల్టు తీసుకుందాం. 4.6 రకం సుమారు 2.3 టన్నుల లాగుడుకు తెగుతుంది. 8.8 రకం 4.7 టన్నుల దాకా ఆగుతుంది. 12.9 రకం ఏడు టన్నులు దాటుతుంది. అన్నిటికన్నా పెద్ద అంకెనే కొనితెచ్చి అన్నిచోట్లా బిగిస్తే పోలేదా? ఇక్కడే కోనసముద్రం ఉక్కూ కడశీలా మళ్ళీ గుర్తుకు రావాలి. తెగేముందు 4.6 రకం నూటికి కనీసం 22 పాళ్ళు సాగుతుంది. 8.8 పన్నెండు, 10.9 తొమ్మిది, 12.9 ఎనిమిది. బలం పెరిగినకొద్దీ హెచ్చరించే గుణం తరుగుతుంది. పైగా 12.9 అంతటి కాఠిన్యం గల ఉక్కుకు తుప్పు పట్టకుండా విద్యుత్తుతో జింకు పూత పూస్తే, ఆ క్రియలో హైడ్రోజన్ లోపలికి చొరబడుతుంది. పూత తరువాత వేడిచేసి దాన్ని వెళ్ళగొట్టకపోతే, బిగించిన బోల్టు గంటలకో రోజులకో ఎవరూ తాకకుండానే తెగుతుంది. ఆ భయమున్నచోట తెలిసినవారు పూత పద్ధతినైనా మారుస్తారు, ఒక శ్రేణి క్రిందికైనా దిగుతారు.

పందెపు కార్లలో మనిషి చుట్టూ ఇనుపగొట్టాలతో ఒక పంజరం కడతారు. బండి తలక్రిందులైనా లోపలి మనిషి నలగకుండా. 1961లో ఫార్ములా వన్ కార్లలో చోదకుని వెనుక గొట్టపు కమాను తప్పనిసరి చేశారు. తరువాత ర్యాలీ కార్లకు పూర్తి పంజరాలు వచ్చాయి. అంతర్జాతీయ మోటారు సమాఖ్య నిబంధనలు చదివి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. పంజరపు గొట్టంలో కర్బనం నూటికి 0.3 పాళ్ళకు మించరాదట! ఉక్కును ఎంచేటప్పుడు అది బాగా సాగే గుణం కలదై ఉండాలని ప్రత్యేకంగా చెప్పారు. ఇది మన బండికమ్మరి మాటే. పంజరపు పాదాన్ని కారు ఒంటికి బిగించేచోట కనీసం మూడు బోల్టులు, ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గనివి, 8.8కు తక్కువ కానివి ఉండాలి. అడుగున మూడు మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల ఉక్కుపలక ఉండాలి. ఆ పలకే ముఖ్యం. పలుచని రేకుకు 12.9 బిగిస్తే బోల్టు తెగదు, రేకుతో సహా ఊడివస్తుంది. పంజరానికి 8.8 చాలునని చెప్పడంలో పొదుపు లేదు. ఒక్కసారి వచ్చే పెద్ద దెబ్బకు బోల్టు కొంచెం సాగి ఆ దెబ్బను తినాలి.

చక్రాలను ఒంటికి తగిలించే సస్పెన్షన్ సంగతి వేరు. అక్కడ పెద్ద దెబ్బ ఒక్కటి కాదు, చిన్న దెబ్బలు లక్షలు. కారు తయారీదారులు చాలాచోట్ల 10.9 వాడేది ఇక్కడే. బోల్టు గట్టిదవడమే ఇందుకు కారణమనుకుంటే పొరబాటు. గట్టి బోల్టును మరింత గట్టిగా బిగించవచ్చు, అదీ కారణం. బిగించిన బోల్టు సన్నగా సాగిన స్ప్రింగువంటిది. అది వెనక్కు లాగుతూ రెండు పలకలను ఒకదానికొకటి అదిమిపెడుతుంది. పలకల మధ్య రాపిడే బరువు మోస్తుంది. సరిగా బిగిస్తే రోడ్డుమీది దెబ్బల్లో బోల్టుదాకా చేరేది కొద్దిపాలే. వదులైతే ప్రతి దెబ్బా బోల్టుకే, అప్పుడు ఏ శ్రేణి అయినా ఎక్కువకాలం నిలవదు.

దీనికి ఉదాహరణ వెదుక్కుంటూ పందెపు కార్ల దాకా పోనక్కరలేదు. లారీ కమాన్ కట్ట చూడండి. కమాన్ పట్టీలనన్నిటినీ గుచ్చి నడుమ ఒక సెంటర్ బోల్టు ఉంటుంది, ఇరుసుకు అదిమిపట్టే యూబోల్టులు పక్కన ఉంటాయి. సెంటర్ బోల్టు విరిగిందని మేస్త్రీ దగ్గరకు పోయినవాడు 'గట్టి బోల్టు వెయ్యి' అంటాడు. మంచి మేస్త్రీ ముందు యూబోల్టుల బిగువు చూస్తాడు. బరువు మోసేది అవి అదిమిపట్టిన పట్టు. అది సడలితేనే నడిమి బోల్టు కోసుకుపోతుంది.

మన భాషవాళ్ళకు పందెపు కార్లతో సంబంధం లేదనుకోకండి. విజయనగర కాలంలో దక్షిణానికి వలసపోయిన తెలుగువారి సంతతి కోయంబత్తూరులో మోటారు విద్యకు ఆద్యులయ్యారు. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య సర్వీసు మొదలుపెట్టారు. లక్ష్మీమిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కార్లు తయారుచేశారు. విదేశీ కార్లు కొనలేని కుర్రాళ్ళు ఆ కార్లలోనే పందెం నేర్చుకున్నారు. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా కుర్రతనంలో ఆ తరగతి కార్లు తోలినవాడే. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి మరణించారు. కోయంబత్తూరు దగ్గరి పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

మా వైపు ఇప్పుడు ఆ పని ఇంజనీరింగు కాలేజీల పిల్లలు చేస్తున్నారు. 2007 నుంచి మన దేశంలో బాహా అనే పోటీ జరుగుతున్నది. కాలేజీ జట్లు పంజరంతో సహా బండిని తామే తయారుచేసి రాళ్ళలో, బురదలో తోలాలి. అందులో పంజరపు గొట్టానికి కర్బనం 0.18 శాతానికి తగ్గరాదని నియమం. ఒకరు పైహద్దు చెప్పారు, మరొకరు కిందిహద్దు చెప్పారు. రెండూ కలిపి చూస్తే కమ్మరి మెత్తని ఇనుముకు కొంచెం పైన, కోనసముద్రం మూసకు చాలా దిగువన ఒక ఇరుకైన దారి కనబడుతుంది.

అక్షరాలు పెట్టారు గనుక కష్టం తీరిందా అంటే, అక్షరాలు దొంగలకూ వస్తాయి. 1980లలో అమెరికా మార్కెట్లో ఎనిమిదో శ్రేణి గుర్తులతో మరో రకపు బోరాన్ ఉక్కు బోల్టులు విస్తారంగా చేరాయి. మామూలు వేడిలో బాగానే ఉంటాయి, వేడి మితిమీరినచోట మెత్తబడతాయి. వ్యవహారం వారి పార్లమెంటు దాకా పోయి 1990లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. మన దగ్గర మోసం ఇంత తెలివిగా ఉండనక్కరలేదు. గుర్తులేని బోల్టులు కిలోల లెక్కన తూచి ఇస్తారు, ఇంటి గేటుకు వేసేదీ ట్రాక్టరు ట్రాలీకి వేసేదీ ఒకే డబ్బాలోంచి వస్తుంది. నాట్లకూ పెళ్ళిళ్ళకూ ముప్పైమందిని ఎక్కించుకుపోయే ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే చీల పోతే, చేతికందిన ఇనుపకడ్డీ ముక్కను దూర్చి నడిపేవారిని నేను చూశాను. కడశీలకు ఏ ఇనుము వాడాలో తెలిసిన కమ్మరి కొలిమి ఆరిపోయింది, తలమీది అక్షరం చదవడం ఇంకా అలవాటు కాలేదు. ఆ నడిమి సందులో మనుషులు పోతున్నారు. బుగులు పడవలసింది ఇక్కడ.

పిల్లలకు నేను చెబుతున్నది ఇంతే. తలమీద అంకె లేని బోల్టు చక్రం దగ్గరగానీ, మనిషి తల దగ్గరగానీ పెట్టవద్దు. అంకెతోపాటు తయారీదారు గుర్తు కూడా ఉందేమో చూడండి. మిలమిలలాడే స్టెయిన్‌లెస్ బోల్టు తలమీద ఏ2-70 అని ఉంటుంది, అది 700 మాత్రమే, నల్లని 8.8 కన్నా తక్కువ. అమెరికా ఎనిమిదో శ్రేణీ మన 8.8 ఒకటి కావు. ఆ ఎనిమిది ఇంచుమించు మన 10.9, మన 8.8 ఇంచుమించు వారి ఐదు. నట్టు కూడా బోల్టుకు తగిన శ్రేణిదే కావాలి. బిగించాక నట్టు దాటి కనీసం రెండు మరచుట్లు బయటికి కనబడాలి.

నా విద్యార్థికి మాత్రం ఇంకా మాట ఇవ్వలేదు. 'బలాంకం' అని ఒకటి తోచింది గాని, అంకెలో బలమొక్కటే లేదు, ఎక్కడిదాకా సాగి తిరిగి రాగలదన్నదీ ఉంది. మిత్రులకు ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పగలరు.